ఎఱ్ఱముక్కపల్లె గ్రంథాలయము: వ్రాయసగాండ్ర పేర్లు

పాలకొండల నీడన వెలసిన మా కడప పట్టణములో ఎఱ్ఱముక్కపల్లె యను పేట యొకటి కలదు. ఒకప్పుడు తోటలకు ఆటపట్టైన యా చోట నేడు ఇండ్లును అంగళ్లును ఒండొంటిని ఒరసికొని లేచినవి. వాని నడుమ, చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కొనిన బంగళా శిథిలములు మిగిలియున్న స్థలముననే, ఆయన పేరిట వెలసిన గ్రంథాలయము, 2006వ సంవత్సరమున యోగి వేమన విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడి, భాషాపరిశోధన కేంద్రముగా నడచుచున్నది. జనుల నోళ్లలో నానుచున్న వేమన పద్యములను ప్రతులు పోల్చి ఏఱి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో చెన్నపురియందు అచ్చొత్తించిన వాని గ్రంథాలయము, వేమన పేరు ధరించిన విశ్వవిద్యాలయపు చేతికి వచ్చుట మా ఊరి చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన సంగతి.

ఈ గ్రంథాలయమునందలి తాళపత్రములను, తొలినాటి ముద్రణములను, పాత పత్రికల సంపుటములను బల్లలపై పఱచి చూపునపుడు, చూడవచ్చినవారు మొదట అడుగు ప్రశ్న యొక్కటే: “ఇవి బ్రౌను దొర చేతి పుస్తకములేనా?” కావు. దొర సేకరించిన వ్రాతప్రతులను ఆయనయే 1845 ప్రాంతమున చెన్నపురిలోని సాహిత్యసంఘమునకు సమర్పించెను. అవి పిమ్మట ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమును చేరి నేటికిని అచ్చటనే యున్నవి. మా ఊర నేడు కనబడునవి మా జిల్లా ఇండ్ల అటకలనుండియు, దేవళముల మూలలనుండియు, పండితులు గతించిన పిదప వారి బిడ్డలు కట్టగట్టి తెచ్చి యిచ్చిన పెట్టెలనుండియు వచ్చినవి. ఈ మాట విని కొందఱు నిరాశపడుదురు. నాకు మాత్రము ఇదియే ఆ గ్రంథాలయమునకు గౌరవకారణముగా తోచును. ఏలయన, బ్రౌను కాలమునను గ్రంథములు ఈ యిండ్లనుండియే వచ్చినవి, ఈ యిండ్ల పండితులే వానిని బ్రదికించిరి.

1798లో కలకత్తాలో జన్మించి, 1817లో చెన్నపట్టణము చేరి, వెలగపూడి కోదండరామ పంతులు నొద్ద తెలుగు అక్షరములు దిద్దిన బ్రౌను, 1820లో కలెక్టరునకు సహాయోద్యోగిగా తొలుత కడపకే వచ్చెను. రెండేండ్లకు మచిలీపట్టణము పోయి, అచ్చట ఫ్రెంచి మతగురువు దుబాయి వ్రాసిన గ్రంథములో వేమన ప్రస్తావము చూచి, ఆ కవి నెఱుగవలెనని పట్టుబట్టి ప్రతులు వెదకసాగెను. 1826లో మరల కడపకు వచ్చిన పిమ్మట పదునైదెకరముల తోటతో కూడిన బంగళాను కొని, అందు పండితులను, వ్రాయసగాండ్రను నిలిపి, తన జీతములోనుండియు, అది చాలనప్పుడు అప్పులు చేసియు వారికి భృతి యిచ్చుచు, ఆ నెలవును తన “కాలేజి”గా చెప్పుకొనెను. విద్యార్థులు లేని ఆ కళాశాలలో పాఠములు లేవు. ఒకే కావ్యమునకు పలుచోట్లనుండి తెచ్చిన ప్రతులను ముందిడుకొని, ఒకరు చదువగా మరియొకరు సరిచూచుచు, పాఠభేదములు గుర్తించుచు, పద్యములకు వరుస సంఖ్యలు వేయుచు, శుద్ధప్రతిని కాగితముపై ఎత్తివ్రాయుటయే అచ్చటి నిత్యకృత్యము.

ఆ పనిలోని కష్టము, గాజుపెట్టెలో నున్న తాళపత్రపు కట్టను దూరమునుండి చూచి పోవువారికి తెలియదు. ఒక్క ఆకును వెలుతురునకెత్తి దగ్గఱగా చూచినచో తెలియును. మూరెడు పొడవు, రెండు మూడు వ్రేళ్ల వెడల్పు గల తాటియాకు. త్రాడు దూర్చుటకు చిల్లు. పైని క్రింద చెక్కపలకలు. గంటముతో గీచినంతమాత్రమున అక్షరము కంటికానదు. మసిని ఆకుపసరుతో కలిపి పూసి తుడిచినపుడే గీతలలో నలుపు నిలిచి వ్రాత పైకి తేలును. ఆ మసి ఏండ్లు గడచి రాలిపోయిన ఆకును వాలుగా పట్టి, వెలుగు నీడల సాయమున గీతను పోల్చుకొనవలసినదే. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు, పద్యము ముగిసిన చోట క్రొత్త పంక్తి లేదు. ఆకు ఖరీదు గలది కనుక చివరి అంగుళము వఱకు అక్షరములు క్రిక్కిరిసి యుండును. పురుగు తిన్న చోట వ్రాయసగాడు తన తెలివిని చొప్పించెనా, ఖాళీ విడిచెనా యనునది ఎత్తివ్రాయువాడు తానే నిర్ణయింపవలెను. ఛందస్సు తెలిసినవాడు యతిప్రాసలను బట్టి జాఱిన అక్షరమును పట్టగలడు. తెలియనివాడు తప్పును తప్పుగానే మరియొక తరమునకు అందించును. అందుచేతనే ఈ వృత్తికి దస్తూరి చాలదు, పాండిత్యము కావలెను.

ఆ పండితుల పేర్లలో కొన్ని మనకు దక్కినవి. కడపలోని పని నంతను మేనేజరుగా నడపినవాడు అయోధ్యాపురము కృష్ణారెడ్డి. వఠ్యము అద్వైతబ్రహ్మయ్య, జూలూరి అప్పయ్య దొర కొలువులోని పండితులలో ముఖ్యులు. అప్పయ్య వ్యాఖ్యతో పెద్దన మనుచరిత్రమును బ్రౌను 1851లో అచ్చువేయించెను. 1852లో వెలువడిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువును విప్పి చూచినచో కావ్యములనుండి తీసిన ప్రయోగముల ప్రక్కనే వంటింటి మాటయు, పొలము మాటయు, కచ్చేరి మాటయు సమానగౌరవముతో కూర్చుండియుండును. ఇంటింటి మాటను ఏఱి చెప్పినవారెవరో నిఘంటువు ముఖపత్రముపై లేదు. ముఖపత్రముపై ఒక్కని పేరుండుట ఆ కాలపు మర్యాద. ఆ పేరును తగ్గించుట నా యభిమతము కాదు. కాని మా ఊరి చరిత్ర వ్రాయబూనినపుడు ఆ పండితులను అధోజ్ఞాపికలలో విడిచిపెట్టుట న్యాయము కాదని నా దృఢమైన నమ్మకము.

బ్రౌను తరువాతి జీవితము మా ఊరిది కాదు, క్లుప్తముగా చెప్పుదును. గుంటూరుసీమలో డొక్కలకరవు నాట కరవును కరవే యని కాగితముపై వ్రాసినందుకు పైవారి మందలింపు పడెను. 1834లో కొలువు వీడి ఇంగ్లండు పోయి, అచ్చట ఇండియా హౌసులో మూలబడియున్న రెండువేలకు పైబడిన దక్షిణదేశపు వ్రాతప్రతులను చెన్నపురికి చేర్పించెను. 1837లో తిరిగి వచ్చి, 1855 వఱకు ఇచ్చట నుండి, స్వదేశము చేరి, లండను విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యుడై 1884లో కన్నుమూసెను.

ఆయన వెడలిన పిమ్మట బంగళా చేతులు మాఱి, గోడలు కూలి, కంపచెట్లు మొలచి, ఒక శతాబ్దమునకు పైగా మా ఊరివారికి అది ఉత్త పాడుదిబ్బయై పోయెను. తిరుపతి విశ్వవిద్యాలయమునందు బంగోరె యని పేరొందిన బండి గోపాలరెడ్డి, బ్రౌను జాబులను, స్వీయకథను వెలికితీసి అచ్చు వేయింపగా తెలుగుదేశమునకు దొర మరల జ్ఞప్తికి వచ్చెను. మా జిల్లా రచయితల సంఘమును నడపిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఆ దిబ్బపై గ్రంథాలయము లేవవలెనని దీక్షపూని, 1980ల నుండి విరాళములకై గడప గడప త్రొక్కి, పుస్తకములకై ఊరూరు తిరిగి, తుదకు కట్టించిరి. 2014లో పరమపదించువఱకు వారి తలపంతయు ఆ గ్రంథాలయము మీదనే. ధనవంతుడు కాని ఒక అధ్యాపకుడు తలచుకొనగా ఈ ఊర నిలిచిన కట్టడమది. చేతులు జోడింపకుండ నేను దాని వాకిలి దాటజాలను.

ఈ కేంద్రము చేసిన పనులలో, మెకంజీ దొర వ్రాయించిన కైఫీయతులలో కడప జిల్లాకు సంబంధించినవానిని సంపుటములుగా ముద్రించుట మిక్కిలి కొనియాడదగినది. కావలి సోదరుల వంటి దేశీయులు ఊరూరు తిరుగగా, గ్రామకరణములు చెప్పియు వ్రాసియు ఇచ్చిన యీ వృత్తాంతములలో చెఱువు త్రవ్వించినదెవరు, గుడికి మాన్యమెంత, ఊరు పాడై మరల ఎట్లు కట్టబడినది యను విషయములు దొరకును. తన ఊరి కైఫీయతును వెదకి చదివికొని, ముత్తాతల నాటి చెఱువు పేరు అచ్చులో చూచికొను రైతునకు గ్రంథాలయము పరాయిది కాజాలదు.

ఇక నా విన్నపము. బల్లలపై పఱచిన ప్రతి కట్ట ముందును గ్రంథము పేరు, కవి పేరు వ్రాసి యుంచుట పరిపాటి; ఎత్తివ్రాసినవాని పేరు, అతని ఊరు, ఏ సంవత్సరమున ముగించెనో అదియు అచ్చటనే వ్రాయవలెను. ఈ వివరములు పెక్కు కట్టలలో కడపటి ఆకుననే యుండును; ప్రభవాది సంవత్సరము, మాసము, తిథి చెప్పి, తప్పులు మన్నింపుడని వేడుకొని, వ్రాయసగాడు తన పేరు చెప్పుకొనునది అచ్చటనే. త్రాడు తెగినపుడు మొదట జాఱిపోవునదియు, చెదలు మొదట తగులునదియు చాలమారు ఆ ఆకే. కనుక మా జిల్లాలో ఇంకను అటకలపై కట్టలున్నవారు వానిని తెచ్చి యిచ్చునపుడు నీట తడిపి తుడువక, క్రొత్త త్రాడు కట్టక, విడివడిన ముక్కలను పాఱవేయక, ఉన్నవి ఉన్నట్లు బట్టలో చుట్టి తెండు. పేరులేని తునకయైనను, అది కడపటి ఆకు కావచ్చును.