ఆశ్రయం

మా బాగేపల్లిలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ‘ఆశ్రయం’ రెండింటిదీ. సంస్కృతంలో ‘శ్రి’ ధాతువుకు ఆనుకోవడమనే అర్థం ఉంది. లేచి కూర్చోలేని తల్లి వీపును తన భుజానికి ఆనించుకుని, కూతురు చెంచాతో రాగిగంజి తాగిస్తుందే, అదీ ఆశ్రయమంటే.

ఆశ్రయంలాంటిదే ఇంకో మాట, హాస్పిస్. అది లాటిన్ ‘హోస్పెస్’ నుంచి వచ్చింది. అతిథికీ, అన్నం పెట్టేవారికీ అదొకటే మాట. ఎంత గొప్ప సంగతి! 1967లో సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచాక, ముదిరిన క్యాన్సర్ బాధ తగ్గించే చోటికి ఆ పేరు స్థిరపడింది.

మా ఊరి నుంచి హైవే మీద వంద కిలోమీటర్లు వెళ్తే బెంగళూరు. అక్కడ 1999 నుంచి నడుస్తున్న హాస్పిస్ పేరు ‘కరుణాశ్రయ’. పైసా తీసుకోరు. ‘ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అనిపించుకుని వచ్చినవాళ్లకు అక్కడ చేసేది చాలానే ఉంటుంది: నొప్పికి మార్ఫిన్, పుండుకు కట్టు, పక్కన ఓ మనిషి.