బుడ్డా అరుణారెడ్డి

బుడ్డా అరుణారెడ్డి హైదరాబాదుకు చెందిన ఆర్టిస్టిక్ జిమ్నాస్ట్. 2018 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచకప్‌లో మహిళల వాల్ట్ విభాగంలో కాంస్యం గెలిచారు. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో వ్యక్తిగత పతకం అందుకున్న తొలి భారత క్రీడాకారిణి ఆమే. పురుషుల్లోనూ అంతకుముందు ఎవరికీ ఆ పతకం దక్కలేదు.

అరుణ 1995 డిసెంబరు 25న పుట్టారు. మొదట నేర్చుకున్నది కరాటే. అందులో బ్లాక్‌బెల్ట్ సాధించారు, ఇతరులకు నేర్పారు కూడా. ఆమె ఒళ్లు విల్లులా వంగడం గమనించి జిమ్నాస్టిక్స్ వైపు మళ్లించింది తండ్రి నారాయణరెడ్డి. 2002లో హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియంలో శిక్షణ మొదలైంది. 2005లో తొలి జాతీయ పతకం వచ్చింది. ఆమెను అంతర్జాతీయ స్థాయికి తీర్చిదిద్దిన కోచ్‌లలో ముఖ్యుడు బ్రిజ్ కిశోర్. 2010లో తండ్రి మరణించారు. కూతురి భవిష్యత్తును అందరికంటే ముందు ఊహించిన మనిషి ప్రపంచకప్ పతకాన్ని చూడలేకపోయారు. మెల్‌బోర్న్ కాంస్యాన్ని అరుణ ఆయనకే అంకితమిచ్చారు.

మహిళల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్‌లో నాలుగు అంశాలుంటాయి: వాల్ట్, ఎత్తు తేడా ఉన్న రెండు బార్లు, బీమ్, ఫ్లోర్. బీమ్ పొడవు 5 మీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లే. నేలకు 125 సెంటీమీటర్ల ఎత్తున దాని మీద పల్టీలు కొట్టాలి. ఫ్లోర్ 12 మీటర్ల చదరం. అక్కడ సంగీతానికి తగ్గట్టు గరిష్ఠంగా 90 సెకన్ల ప్రదర్శన ఉంటుంది. వాల్ట్ మాత్రం కొన్ని సెకన్లలో అయిపోతుంది. అరుణ కెరీర్‌కు కేంద్రం అదే కాబట్టి కొంత వివరంగా చెప్పుకోవాలి.

క్రీడాకారిణి గరిష్ఠంగా 25 మీటర్లు పరుగెత్తి, స్ప్రింగ్‌బోర్డు మీద రెండు పాదాలూ ఒక్కసారే మోపి, 125 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద అరచేతులు ఆన్చి భుజాల బలంతో పైకి లేస్తుంది. పల్టీలైనా, మెలికలైనా గాలిలో ఉన్న ఆ రెప్పపాటులోనే పూర్తిచేసి చాప మీద దిగాలి. దిగిన పాదం కదలకూడదు. పరుగులో తెచ్చుకున్న వేగమంతా ఆ క్షణంలో మోకాళ్లు, చీలమండల మీద పడుతుంది. మార్కులు రెండు భాగాలు. ఒకటి ఎంచుకున్న విన్యాసం కష్టాన్ని బట్టి నిబంధనల పుస్తకం ముందే నిర్ణయించిన విలువ. రెండోది 10 నుంచి మొదలై తప్పు తప్పుకీ తగ్గుతూ పోయేది. దిగేటప్పుడు చిన్న అడుగు పడితే 0.1 పోతుంది, కింద పడితే ఏకంగా 1 మార్కు. ఫైనల్‌లో వేర్వేరు రకాల వాల్ట్‌లు రెండు చేయాలి. వాటి సగటే తుది స్కోరు.

మెల్‌బోర్న్ ఫైనల్ ఫలితాన్ని ఈ లెక్కతో చూస్తేనే దాని బిగువు తెలుస్తుంది. స్లొవేనియాకు చెందిన త్యాషా కిస్సెలెఫ్ 13.800తో స్వర్ణం, ఆస్ట్రేలియాకు చెందిన ఎమిలీ వైట్‌హెడ్ 13.699తో రజతం గెలిచారు. అరుణ స్కోరు 13.649. రజతానికీ కాంస్యానికీ మధ్య తేడా 0.050. రెండు వాల్ట్‌లలో ఒకదాన్ని దిగేటప్పుడు పడే చిన్న అడుగు సగటులో తగ్గించేది సరిగ్గా అంతే. అదే ఫైనల్‌లో పోటీపడిన పశ్చిమ బెంగాల్ క్రీడాకారిణి ప్రణతి నాయక్ 13.416తో ఆరో స్థానంలో నిలిచారు.

మెల్‌బోర్న్ విజయం హఠాత్తుగా వచ్చింది కాదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వాల్ట్ అర్హత పోటీలో అరుణది 14వ స్థానం. ఫైనల్ దాకా వెళ్లలేదు. అదే ఏడాది ఆసియా క్రీడల్లో తొమ్మిదో స్థానం, 2017 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఆరో స్థానం. మెట్టు మెట్టుగా ఎక్కి, 22 ఏళ్ల వయసులో పతకం అందుకున్నారు. మహిళల జిమ్నాస్టిక్స్‌లో అది చిన్న వయసేమీ కాదు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి పదికి పది సాధించినప్పుడు నాదియా కొమనెచి వయసు 14. పసిపిల్లల శరీరాల మీద పడుతున్న భారాన్ని గుర్తించి 1997 నుంచి సీనియర్ పోటీలకు కనీస వయసును 16గా నిర్ణయించారు. ఉజ్బెకిస్థాన్‌కు చెందిన ఒక్సానా చుసోవితినా 1992 నుంచి ఎనిమిది ఒలింపిక్స్‌లలో పాల్గొని, 46 ఏళ్ల వయసులో టోక్యోలో పోటీపడింది. ఆమెను కూడా అంతకాలం నిలబెట్టింది ప్రధానంగా వాల్టే.

భారత మహిళల పెద్ద విజయాలు దాదాపు అన్నీ వాల్ట్‌లోనే రావడం గమనించదగ్గది. త్రిపురకు చెందిన దీపా కర్మాకర్ 2014 గ్లాస్గోలో కాంస్యం గెలిచింది వాల్ట్‌లోనే. 2016 రియో ఒలింపిక్స్‌లో బల్ల మీద నుంచి లేచి ముందుకు రెండు పల్టీలు కొట్టే ప్రమాదకరమైన ప్రొదునోవా చేసి, 15.066తో నాలుగో స్థానంలో నిలిచింది, కాంస్యానికి 0.150 దూరం. ప్రణతి ఆసియా ఛాంపియన్‌షిప్ పతకాలూ వాల్ట్‌వే. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. బార్లు, బీమ్ మీద పట్టు రావాలంటే పసితనం నుంచే పూర్తి పరికరాలున్న హాలు, రోజంతా కనిపెట్టి ఉండే కోచ్‌లు కావాలి. వాల్ట్‌లో వేగం, కాళ్ల సత్తువ, తెగువ ఉన్న అమ్మాయి కొంత ఆలస్యంగానైనా పైకి రాగలదు. చిన్న పట్టణాల్లో, పల్లెల్లో బడి మైదానంలో బరి గీస్తే కబడ్డీ మొదలవుతుంది. జిమ్నాస్టిక్స్‌కు అలా కుదరదు. స్ప్రింగ్‌బోర్డు, బల్ల, మందపు చాపలు, పడినా దెబ్బ తగలని ఫోమ్ గుంట లేకుండా కొత్త పల్టీ నేర్పడమంటే పిల్ల మెడతో ఆడుకోవడమే. తెలుగు నేలలో ఈ ఆటకు ప్రతిభ కొరత కంటే హాళ్ల కొరతే పెద్దది. అరుణ ప్రస్థానం రాజధాని నడిబొడ్డున ఉన్న స్టేడియంలో మొదలవడం యాదృచ్ఛికం కాదు.

2018 జకార్తా ఆసియా క్రీడల్లో అరుణ వాల్ట్ ఫైనల్ చేరి ఏడో స్థానంలో నిలిచారు. 2019లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ దెబ్బతిని పోటీలకు దూరమయ్యారు. పరుగు, ఎగరడం, దిగడం మూడూ మోకాలి మీదే ఆధారపడే ఆటలో ఇది కెరీర్లు ముగించే గాయం. శస్త్రచికిత్స తరవాత ముందు నడక, ఆపై కండ బలం, ఆపై చిన్న గెంతులు. మెలిక తిరిగి ఆ కాలి మీదే దిగే ధైర్యం అన్నిటికంటే ఆఖరున వస్తుంది. ఈలోగా కోవిడ్ వచ్చి శిక్షణ కేంద్రాలు మూతపడ్డాయి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పోటీపడిన ఏకైక జిమ్నాస్ట్ ప్రణతి.

అదే ఏడాది డిసెంబరులో ఈజిప్టు రాజధాని కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో అరుణ రెండు స్వర్ణాలు గెలిచారు. వాల్ట్‌లో 13.487, ఫ్లోర్‌లో 12.37. పోటీ స్థాయి ప్రపంచకప్‌ది కాదు. అయినా వాల్ట్ స్కోరు మెల్‌బోర్న్‌కు 0.162 మాత్రమే తక్కువ. ఫ్లోర్ స్వర్ణం ఇంకా ఎక్కువ చెబుతుంది: ఒకే ప్రదర్శనలో మళ్లీ మళ్లీ ఎగిరి దిగాల్సిన అంశమది, శస్త్రచికిత్స జరిగిన మోకాలు వాటన్నిటికీ తట్టుకుంది. అప్పటికి ఆమె 26వ ఏడు పూర్తిచేసుకోబోతున్నారు.