మూసీ పాత ఫొటోలకి టైమ్‌స్టాంప్ ఎక్కడుంటుంది?

పాత హైదరాబాద్ ఫొటోలు వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటాయి, మీరూ చూసే ఉంటారు. కింద నోటికొచ్చిన సంవత్సరం, పక్కన రాజా దీన్‌దయాళ్ పేరు. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, కాదనను. కానీ 1905లోనే పోయారు. 1908 మూసీ వరద ఫొటో కింద ఆయన పేరుంటే అది తప్పే!

మరి తేదీ కనుక్కోవడం ఎలాగంటారా? ఫొటోలోనే ఉంటుంది. పాతబస్తీ వైపు ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తే, అది వరద తర్వాతి కాలానిది. ఆ భవనం ప్రారంభమైంది 1920లో. అఫ్జల్‌గంజ్ వంతెన తెగిపోయి, చుట్టూ మొండిగోడలే ఉంటే, 1908 సెప్టెంబరు 28 వరద మిగిల్చిన దృశ్యం. ఆ వరదలో సుమారు 15 వేలమంది పోయారని అంచనా.

ఆ దెబ్బకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సూచనలతోనే ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. ఇక నదికి భయపడక్కర్లేదనుకున్నాం. 2025 సెప్టెంబరులో ఆ జలాశయాల గేట్లెత్తితే, మూసీని ఆనుకునున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయి.

తేదీ లేకపోతే అది "అబ్బ, అప్పట్లో ఎంత బాగుండేదో" అనిపించే బొమ్మ మాత్రమే. తేదీ తెలిస్తే, నది ఎందాకా రాగలదో చెప్పే సాక్ష్యం. మన భాషలో చెప్పాలంటే, పాత క్రాష్ లాగ్. దాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకుని ఊరుకుంటే ఎలా? ఫార్వర్డ్ కొట్టేముందు ఒడ్డు మీద ఏముందో ఒక్కసారి జూమ్ చేసి చూడండి.