ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల అధ్యయనం

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం (స్థాపన: 1926) వాతావరణ శాస్త్రాన్ని, సముద్ర శాస్త్రాన్ని ఒకే విభాగంలో బోధిస్తూ వచ్చిన భారతీయ విశ్వవిద్యాలయాలలో ఒకటి. పాఠ్యపుస్తకాలలో ఈ రెండూ వేర్వేరు శాస్త్రాలుగా కనిపించినా, గ్రీన్‌హౌస్ వాయువుల విషయంలో ఆ విభజన నిలువదు. మానవులు గాలిలోకి వదలుతున్న కార్బన్ డయాక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు)లో దాదాపు నాలుగవ వంతును సముద్రాలు పీల్చుకొనుచున్నవి. విశాఖ ఎదుటనున్న బంగాళాఖాతం ఈ వాయువును పీల్చుకొనుచున్నదా, లేక వదలుచున్నదా అన్నది ఈ ప్రాంతపు శాస్త్రజ్ఞులకు ముఖ్యమైన ప్రశ్న.

చరిత్ర

1952-53లో అమెరికాలోని సాన్ డియాగో నుండి యూజీన్ లాఫాండ్ అను సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ఆచార్యునిగా వాల్తేరు వచ్చాడు. ఆయన ఇక్కడి అధ్యాపకులను, విద్యార్థులను వెంటబెట్టుకొని భారత నౌకాదళపు ఓడలపై సముద్రంలోనికి వెళ్ళి, వివిధ లోతులలో నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిపించాడు. ఈ పరిశోధన ఫలితాలను విశ్వవిద్యాలయమే 1954లో ప్రత్యేక సంపుటంగా ప్రచురించింది. వర్షాకాలానికి ముందు తీరం వెంబడి అడుగుననున్న చల్లని నీరు పైకి ఉబికి వచ్చుననియు, వర్షాకాలం ముగిసిన పిదప ఉపరితలపు నీరు క్రిందికి దిగుననియు ఆయన వివరించాడు. అప్పటికి కార్బన్ డయాక్సైడ్ గురించి ఎవరికీ అంత చింత లేదు. హవాయిలోని మౌనా లోవాపై చార్లెస్ కీలింగ్ ఆ వాయువును క్రమంగా కొలవడం మొదలుపెట్టినది 1958లోనే.

తీరానికి తూర్పున సముద్రగర్భంలోని లోయలలో ఒకదానికి 'ఆంధ్ర' అనియు, మరొకదానికి ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్ పేరిట 'మహదేవన్' అనియు పేర్లున్నవి. శీతోష్ణస్థితి శాస్త్రంలో వి.పి. సుబ్రహ్మణ్యం 1956లో భారతదేశపు జలసమతుల్యతపై ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది.

బంగాళాఖాతపు ప్రత్యేకత

చల్లని గోలీసోడాలో గ్యాసు నిలుచును. ఎండలో పెట్టిన సోడా మూత తీయగానే పొంగిపోవును. సముద్రానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పీడనం గాలిలోని దానికంటె తక్కువైతే సముద్రం వాయువును పీల్చుకొనును, ఎక్కువైతే వదలును. అయితే వేడి ఒక్కటే కారణం కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు తేలికైనది కనుక ఉప్పునీటిపై పొరవలె తేలియాడును. ఈ పొర క్రింది నీటిని పైకి రానీయదు. నైరుతి ఋతుపవనాల కాలంలో అరేబియా సముద్రంలో అడుగునీరు బలంగా పైకి వచ్చి కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోనికి వదలుచుండగా, బంగాళాఖాతపు ఉత్తరభాగం అందుకు భిన్నంగా ఉండటానికి ఈ పొర ఒక ముఖ్య కారణం. 1990లలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (స్థాపన: 1966, గోవా) శాస్త్రజ్ఞులు జరిపిన కొలతలలో ఈశాన్య హిందూ మహాసముద్రం వాయువును పీల్చుకొనునని తేలింది.

తీరం దగ్గర లెక్క మారిపోవును. ఉబికి వచ్చే అడుగునీరు కార్బన్ డయాక్సైడ్‌తో పాటు పోషకాలను కూడా తెచ్చును. వాటితో పెరిగిన సూక్ష్మ వృక్షప్లవకాలు అదే వాయువును తిరిగి వాడుకొనును. ఈ రెండింటిలో ఏది పైచేయి అగునో ప్రతి ఋతువునా కొలిచి చూడవలసినదే. ఇక నదీముఖాలు వాయువును వదలే చోట్లు. వర్షాకాలంలో గోదావరి ముఖద్వారం నుండి కార్బన్ డయాక్సైడ్ అధికంగా వెలువడుతున్నట్లు 2011లో వెలువడిన అధ్యయనం చూపింది. వరదతో వచ్చిన సేంద్రియ పదార్థం కుళ్ళడమే ఇందుకు కారణం.

జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ ప్రాంతీయ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ మున్నగువారు 1991 నాటి కొలతలను 2011 నాటి కొలతలతో పోల్చి 2015లో ఒక పత్రం ప్రచురించారు. ఈ ఇరవై ఏండ్లలో వాయవ్య తీరజలాలలో ఆమ్లత పెరిగినదనియు, గాలి నుండి రాలుచున్న సల్ఫేటు, నైట్రోజన్ కాలుష్యం కూడా ఇందుకు దోహదం చేసినదనియు అందులో పేర్కొన్నారు. 1991లో ఎవరో ఓపికగా సీసాలలో నీరు నింపి కొలిచి ఉండకపోతే ఈ సంగతి తెలిసెడిది కాదు. విద్యార్థులు ప్రయోగశాల రికార్డు పుస్తకాన్ని తేలికగా చూడరాదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ప్రపంచ సముద్రాల ఉపరితలపు సగటు పి.హెచ్. పారిశ్రామిక విప్లవానికి ముందు సుమారు 8.2 ఉండగా ఇప్పుడు సుమారు 8.1. తేడా చిన్నదిగా కనిపించినను, ఇది లాగరిథమ్ కొలమానం కనుక ఆమ్లత దాదాపు 30 శాతం పెరిగినట్లు లెక్క. ఆలిచిప్పలు, పగడాలు గుల్ల కట్టుకొనుటకు కావలసిన కార్బొనేటు దీనివలన తగ్గును.

నేలపై వాయువులు

విశాఖకు పడమరగా ఉన్న చోడవరం (2022 వరకు విశాఖపట్నం జిల్లా, ఆ తరువాత అనకాపల్లి జిల్లా) వరి, చెరకు పండే ప్రాంతం. నీరు నిలిచిన వరిమడిలో ఆక్సిజన్ అందని మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేయును. నూరేళ్ళ కాలానికి లెక్కిస్తే బరువుకు బరువుగా ఇది కార్బన్ డయాక్సైడ్ కంటె సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచును. మడిని మధ్యమధ్య ఆరగట్టి మరల నీరు పెడితే మీథేన్ తగ్గును గాని, యూరియా వలన నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరగవచ్చును. బెల్లం వండే పొయ్యిలలో కాల్చే చెరకు పిప్పి సంగతి వేరు. అందులోని కార్బన్‌ను ఆ చెరకే క్రితం పంటకాలంలో గాలి నుండి తీసుకొన్నది కనుక దానిని బొగ్గుతో సమానంగా లెక్కించరాదు. పొలంలోనే చెరకు ఆకు తగులబెడితే మాత్రం మసి, మీథేన్ కూడా వెలువడును.

ఇతర సంస్థలు

తిరుపతి సమీపంలోని గాదంకి వద్ద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం గాలిలోని గ్రీన్‌హౌస్ వాయువులను కొలుచుచున్నవి. మత్స్యకారులకు చేపలు దొరికే ప్రాంతాల సమాచారం, సునామీ హెచ్చరికలు అందించే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) హైదరాబాదులో ఉన్నది.