చిన్నబోయిన అక్షరాలు

1830ల మొదట్లో, బెర్లిన్ శివారులోని టేగెల్‌లో ఒక పెద్దాయన ప్రతి సాయంత్రం పద్నాలుగు పాదాల పద్యం ఒకటి చెప్పేవాడు. గుమస్తా రాసుకునేవాడు. పద్యం బాగా కుదిరిందా లేదా అన్నది ఆయనకంత ముఖ్యం కాదు, రోజుకొకటి పూర్తి కావాలి, అంతే. తనే రాసుకోవచ్చు కదా అంటే, చెయ్యి ఎప్పుడో మాట వినడం మానేసింది. కాస్త పెద్దగానే మొదలుపెట్టిన అక్షరాలు పోనుపోను కుంచించుకుపోయి, చివరికి తనకే అర్థం కానంత చిన్నవైపోయేవి.

ఆయన విల్‌హెల్మ్ ఫాన్ హంబోల్ట్. లోకమంతా తిరిగిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ హంబోల్ట్‌కి అన్న. బెర్లిన్ విశ్వవిద్యాలయం పుట్టింది ఈయన పూనిక వల్లే. మనకి ఇంకో వరస చుట్టరికం కూడా ఉంది. సంస్కృతం నేర్చుకుని, భగవద్గీత మీద 1825-26లో బెర్లిన్ అకాడెమీలో ప్రసంగాలు చేశాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లకే చేతులు వణకడం మొదలైంది. నడుం ముందుకు వంగింది.

షార్లొట్ డీడె అనే స్నేహితురాలికి రాసిన ఉత్తరాల్లో తన ఒంట్లో జరుగుతున్నదంతా ఆయన వివరంగా చెప్పుకున్నాడు. వణుకుని, రాతని, గుండీ పెట్టుకోవడం లాంటి చిన్నచిన్న పనుల్లో వచ్చే ఒక రకం మొద్దుతనాన్ని ఎంత శ్రద్ధగా గమనించాడంటే, దాదాపు నూట అరవై ఏళ్ల తర్వాత న్యూరాలజిస్టులు ఆ ఉత్తరాలు చదివి ఇది పార్కిన్సన్స్ అని చెప్పగలిగారు. ఈ జబ్బులో చేతిరాత చిన్నదవుతుందని తొలిసారి నమోదు చేసింది బహుశా ఈయనే. డాక్టరు కాదు, రోగి! ఆయన మాత్రం దాన్ని జబ్బని ఒప్పుకోలేదు. 1829లో భార్య కరొలీన్ పోయింది. ఆ దిగులుకి ముసలితనం నాలుగు అడుగులు ముందుకేసింది, అంతే, అన్నది ఆయన లెక్క.

పగలు చేసిన పని వేరు. జావా ద్వీపపు పాత కావ్యభాష మీద మహాగ్రంథం. ఆ భాష పేరు కవి. మన కవే. సంస్కృత పదాలు ఇంటి పదాల్లా కలిసిపోయిన ఆ భాషని పట్టుకుని, అసలు మనిషికి భాష అంటే ఏమిటన్న ప్రశ్న దాకా వెళ్లాడు. భాష తయారైపోయిన వస్తువు కాదు, ఎప్పటికప్పుడు జరుగుతూ ఉండే పని అన్న ఆయన ప్రసిద్ధమైన ఆలోచన ఆ గ్రంథానికి రాసిన పీఠికలోదే. భాషాశాస్త్రం తరగతుల్లో ఆ మాట ఇప్పటికీ చెబుతారు. గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్న మనిషి చెప్పిన మాట అది అని మాత్రం ఎవరూ చెప్పరు.

1835లో ఆయన పోయాక 1836-39 మధ్య ఆ గ్రంథం అచ్చయింది. సానెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. అవి గొప్ప కవిత్వమని నేననను. నన్ను ఆకట్టుకున్నది ఆ పద్నాలుగు పాదాల చట్రం. కాలు చెయ్యి ఎక్కడ ఆగుతాయో తెలియని మనిషికి, పద్యం ఎక్కడ ఆగాలో మాత్రం ముందే తెలుసు.

కవి భాషలోని భారతయుద్ధ కావ్యం హంబోల్ట్‌కి అందింది చాలావరకు రాఫిల్స్ రాసిన జావా చరిత్ర ద్వారా. ఆ పుస్తకం 1817లో లండన్‌లో వచ్చింది. అదే ఏడు, అదే ఊళ్లో, అరవై పైచిలుకు పేజీల ఇంకో చిన్న పుస్తకం కూడా వచ్చింది. అది కూడా హంబోల్ట్ చేతిలో పడి ఉంటే తన జబ్బు పేరు తెలిసేది. రాసినవాడు జేమ్స్ పార్కిన్సన్, హాక్స్‌టన్ పేటలో వైద్యుడు. పుస్తకం పేరుకి తెలుగు చేస్తే 'వణుకు పక్షవాతంపై వ్యాసం' అవుతుంది.

ఈ పార్కిన్సన్ కూడా ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. మారుపేరుతో ప్రభుత్వాన్ని ఏకిపారేస్తూ కరపత్రాలు రాశాడు. 1794లో రాజుని చంపే కుట్ర కేసులో ఆయన్ని పిలిపించి ప్రశ్నించారు. శిలాజాలు సేకరించి మూడు సంపుటాలు వేశాడు. 1807లో లండన్ జియలాజికల్ సొసైటీ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. అంటే, చూడడం తెలిసినవాడు. ఆయన వ్యాసంలో ఉన్నది ఆరుగురు రోగులు. వాళ్లలో ఇద్దరు వీధిలో ఎదురైనవాళ్లు, ఒకర్ని దూరం నుంచి చూశాడంతే. నాడి పట్టుకుని కాదు, నడక చూసి రాసిన వైద్యగ్రంథం అది.

ఆ దూరం నుంచి చూసిన మనిషి గురించిన నాలుగు ముక్కలు నేను మళ్లీ మళ్లీ చదువుతాను. ఆయన ఎదురుగా సేవకుడు నిలబడి రెండు భుజాల మీద చేతులేస్తాడు. ఈయన ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగుతాడు. తూకం కుదిరిందనిపించగానే ఒక మాట అంటాడు. అంతే, పరుగు. సేవకుడు పక్కకి తప్పుకుని తనూ ముందుకి ఉరుకుతాడు, ఇరవై అడుగులు పోయాక ఈయన పడిపోకుండా పట్టుకోవడానికి. వైద్య విద్యార్థులకి ఇందులో జబ్బు లక్షణం కనిపిస్తుంది. నాకు ఇద్దరు మనుషులు కలిసి కట్టుకున్న నాట్యం కనిపిస్తుంది. ఊపు, తూకం, సైగ, అడుగు. 2001లో బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నాట్య బృందం పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి తరగతులు మొదలుపెట్టింది, మన పుణెలో హృషీకేశ్ పవార్ కూడా నేర్పుతున్నాడు. హాక్స్‌టన్ వీధిలో ఆ సేవకుడికి వాళ్లందరికంటే ముందే తెలుసు.

ఈ జబ్బుకి పార్కిన్సన్ పేరు పెట్టింది పారిస్ వైద్యుడు షార్కో. అందరూ వణకరు కదా, వణుకు పేరెందుకని ఆయన వాదన. నిజమే, మన 'కంపవాతం' కూడా అందరికీ కాదు, చాలామందికే సరిగ్గా సరిపోతుంది. మిగతావాళ్లకి బిగుసుకుపోవడమే అసలు బాధ. షార్కో బొమ్మలు బాగా వేసేవాడు, కళ్లు కూడా బొమ్మలు వేసేవాడి కళ్లే. బొటనవేలు మిగతా వేళ్ల మీద ఆడే తీరుని పెన్సిలు దొర్లిస్తున్నట్టు, రొట్టెముక్క నలిపి పొడి చేస్తున్నట్టు అని పోల్చాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో మాత్రలు చుడుతున్నట్టు అని ఉంటుంది.

మా ఊరి డాక్టరెవరైనా ముందు చూసి ఉంటే ముగ్గు వేస్తున్నట్టు అని ఉండేవారు. చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుగుతూ జారడం, అచ్చం అదే కదలిక. ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. ఆరేళ్లుగా నా కుడిచేయి ఖాళీగా ఉన్నప్పుడల్లా పిండి లేని ముగ్గు వేస్తూనే ఉంది.

హంబోల్ట్ అక్షరాలు రోమన్ అక్షరాలో, జర్మన్ గొలుసుకట్టో. తెలుగు లిపిలో ఈ చిన్నబోవడం ఇంకో రకం. ముందు తలకట్లు పోతాయి. తర్వాత గుడీ గుడిదీర్ఘమూ ఒకటైపోతాయి. వత్తులు పై అక్షరం కడుపులోకి ముడుచుకుంటాయి. పంక్తి చివరికొచ్చేసరికి అన్నీ సున్నాలే. ఒక బ్యాంకువాళ్లు సంతకం కుదరలేదని నా చెక్కు రెండుసార్లు తిప్పి పంపారు. వాళ్ల తప్పేముంది, అది నిజంగానే నా సంతకంలా లేదు. దీనికి ఫిజియోథెరపిస్టు చెప్పిన చిట్కా చిన్నపిల్లల కాపీ పుస్తకం, రెండు గీతల మధ్య రాసేది. గీతలుంటే అక్షరం లేచి నిలబడుతుంది! మెదడులో తనంతట తాను సాగే దారి మూసుకుపోయినా, కంటికి కనిపించే గుర్తు పట్టుకుని ఇంకో దారిన పోవచ్చట. నడవలేక గుమ్మం దగ్గర అతుక్కుపోయిన మనిషి, నేల మీద అడ్డగీతలు గీస్తే ఒక్కొక్కటే దాటుకుంటూ పోగలడు. ఇది బాగా తెలిసిన విషయమే.

అయితే నేల మీద చుక్కలు పెట్టి చేతికి దారి చూపించే విద్య మనకి ముందు నుంచీ ఉంది. కాపీ పుస్తకం విసుగెత్తి ఒకరోజు బాల్కనీలో ముగ్గు పెట్టాను. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు. పిండి జారుతున్నంతసేపూ వణుకు లేదు. ఇందులో మహిమేమీ లేదు, ఈ వణుకు విశ్రాంతిలో ఉన్న చేతిది, పని దొరికితే చాలామందిలో తగ్గుతుంది. కానీ గీత మాత్రం పాత గీత కాదు. మెలిక తిరిగేచోట సన్నగా జంకుతుంది. ఆ జంకు నాకు నచ్చింది. నలభై ఏళ్లు వేసిన ముగ్గుల్లో లేనిది అది.

ఇక్కడ మార్గరెట్ బూర్క్-వైట్ గురించి చెప్పాలి. జబ్బు చేసిన కళాకారులు అనగానే మనం వినాలనుకునే కథలో ఈవిడ ఇమడదు కాబట్టి. 1936లో లైఫ్ పత్రిక తొలి సంచికకి ముఖచిత్రం తీసింది. 1946లో రాట్నం పక్కన గాంధీ ఫొటో తీసింది, మీరందరూ చూసిందే. ఫొటో కావాలంటే ముందు నూలు వడకడం నేర్చుకోమని గాంధీ కార్యదర్శి షరతు పెడితే, కూర్చుని నేర్చుకుంది. దేశ విభజన నాటి కాందిశీకుల ఫొటోలు ఆవిడవే. 1948 జనవరి 30న, హత్యకి కొన్ని గంటల ముందు, గాంధీతో మాట్లాడింది.

1950ల మొదట్లో, కొరియా యుద్ధం ఫొటోలు తీసొచ్చిన కాలంలో, ఎడమ చేతిలో, కాలిలో సన్నటి నొప్పి మొదలైంది. కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. వేళ్లు బిగుసుకుపోకుండా పాత న్యూస్‌పేపర్లు ఉండలు చుట్టేది, తడి తువ్వాళ్లు పిండేది. 1959లో మెదడుకి ఆపరేషన్ చేయించుకుంది, రెండేళ్ల తర్వాత ఇంకొకటి. మొదటి ఆపరేషన్ అయ్యాక లైఫ్ పత్రిక ఆవిడ మీదే కథనం వేసింది. ఫొటోలు తీసింది సహోద్యోగి ఐసెన్‌స్టాట్. ఒక ప్రసిద్ధ మహిళ లొంగని పోరాటం అన్నది శీర్షిక సారాంశం.

నాకు ఈ పోరాటం అనే మాట పడదు. పోరాటం అన్నాక గెలుపోటములు రావాలి. బూర్క్-వైట్ కెమెరాతో పాత పనిలోకి తిరిగి వెళ్లలేకపోయింది. ఆపరేషన్ల వల్ల కొంత మేలు జరిగింది గానీ జబ్బు ఆగలేదు. 1963లో ఆత్మకథ వేసింది. అందులో తన జబ్బుని కూడా ఒక ఫొటో అసైన్‌మెంట్‌లాగే తీసుకుంది. వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసుకుని రాసినట్టుంటుంది. ఎదుటివాళ్లని చూసిన కళ్లతో తనని తాను చూసుకుంది. 1971 ఆగస్టులో పోయింది.

ఆ తేదీ చూస్తే బాధేస్తుంది. మందు వచ్చింది అప్పుడే. దాని కథలో రెండు మన మొక్కలున్నాయి. ఒకటి సర్పగంధి. దాన్నుంచి తీసిన రిసెర్పిన్ అనే బీపీ మందు ఇస్తే కుందేళ్లు కొయ్యబారిపోయేవి. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి ఎల్-డోపా ఎక్కిస్తే లేచి తిరిగాయి. డోపమీన్ ఏం చేస్తుందో అలా తెలిసింది. 2000లో నోబెల్ వచ్చింది. రెండో మొక్క దూలగొండి. ఆ కాయ నూగు తగిలితే ఏమవుతుందో పల్లెలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. దాని గింజల్లోంచి 1937లోనే దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు మద్రాసులో ఎల్-డోపాని వేరుచేశారు. అప్పటికి దాంతో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. 1967లో కోట్జియస్ పెద్ద మోతాదుల్లో ఇచ్చి రోగుల్ని నడిపించాడు. 1970లో అమెరికాలో అనుమతి వచ్చింది. (ఇది చదివి దూలగొండి పొడి కోసం వెతకొద్దు. డాక్టరు రాసిన మాత్రలో కొలత ఉంటుంది, గింజలో ఉండదు.)

మందుతో పాటు ఇంకో వింత వచ్చింది. డోపమీన్ మందులు, ముఖ్యంగా దాన్ని అనుకరించేవి, వాడుతున్నవాళ్లలో కొందరు ఉన్నట్టుండి బొమ్మలు వేయడం, కవిత్వం రాయడం మొదలుపెట్టారు. కొత్త ఆలోచనలు పుట్టించే పరీక్షల్లో మందు వాడే రోగులు ఆరోగ్యవంతుల్ని మించారని 2014లో టెల్ అవీవ్ పరిశోధకులు ప్రకటించారు. ఇవే మందులు ఇంకొందరిని జూదానికీ, అప్పులు చేసి వస్తువులు కొనడానికీ తోశాయి. మందు తగ్గిస్తే జూదం ఆగిందన్నది మంచి వార్తే. కానీ కొందరిలో కుంచె కూడా ఆగిపోయింది.

రెండేళ్ల క్రితం నాకు అలాంటి ఒక మాత్ర మొదలుపెట్టారు. మూడో నెలకి తెల్లవారుజామున రెండింటికి లేచి ముగ్గులు వేస్తున్నాను. బాల్కనీ నిండింది, మెట్ల దాకా వచ్చాయి. ఇరవై ఒక్క చుక్కలు, చుక్కలే లేనివి, ఎక్కడా చూడనివి. పక్క ఫ్లాటు పిల్లలు ఫొటోలు తీసుకెళ్లేవారు. నిద్ర లేదని ఇంట్లోవాళ్లు చెబితే డాక్టరు మోతాదు తగ్గించారు. రెండు వారాల్లో ఆ ఉరవడి పోయింది.

అవి నేను వేసినవా, మాత్ర వేసిందా? డాక్టరుని అడిగితే నవ్వారు. ఇంట్లో ఒకరు రసాయనం అన్నారు, ఇంకొకరు నీలో ముందే ఉంది, మాత్ర తలుపు తీసిందన్నారు. రెండూ నాకు ఆనలేదు. కాఫీ తాగి రాసిన కథ కాఫీది కాదు. అలాగని ఆ రాత్రులు నావని గట్టిగా చెప్పే ధైర్యమూ లేదు. ఆ ముగ్గుల ఫొటోలు చూస్తే ఒప్పుకోవలసిందొకటుంది, బాగున్నాయి. ఇప్పుడు వేసేవాటికంటే బాగున్నాయి. కాకపోతే వాటిలో గీత ఎక్కడా జంకలేదు.

ఇప్పుడు నావి పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు. ఒక్క బిగిన పూర్తి కావు. మాత్ర పనిచేసే గంటన్నరలో సగం, మళ్లీ నాలుగింటి మాత్ర వేసుకున్నాక మిగతా సగం. మధ్యలో పనమ్మాయి తుడిచేయకుండా పక్కన కుర్చీ ఒకటి అడ్డం పెడుతున్నాను.