పునాది గోతుల చిత్రకారుడు

1940 సెప్టెంబరు నుంచి 1941 మే దాకా జర్మన్ విమానాలు కురిపించిన బాంబులకు కూలిన లండన్ వీధులు చాలాకాలం శిథిలాలుగానే ఉండిపోయాయి. సామగ్రి కొరత వల్ల ఇల్లు కట్టాలన్నా ప్రభుత్వ లైసెన్సు కావలసి వచ్చేది. 1954 నవంబరులో ఆ నిబంధన తొలగాక నగరంలో క్రేన్లు జోరుగా లేచాయి.

ఆ కట్టడాల పునాది తవ్వకాలను తన చిత్రాలకు వస్తువుగా ఎంచుకున్నవాడు ఫ్రాంక్ ఆవర్‌బాక్. 1931లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1939లో తల్లిదండ్రులు అతణ్ణి ఇంగ్లండుకు పంపారు. వారిద్దరినీ నాజీలు పొట్టనబెట్టుకున్నారు. లండన్‌లో డేవిడ్ బాంబర్గ్ దగ్గర బొమ్మలు గీయడం నేర్చుకుంటున్న రోజుల్లోనే, సహాధ్యాయి లియోన్ కాసోఫ్‌తో పాటు కట్టుబడి స్థలాల మీద మనసు పారేసుకున్నాడు.

ఈ వస్తువు అంతకుముందు చిత్రకళకు తెలియనిదేమీ కాదు. న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా స్టేషన్ కోసం తవ్విన మహా గోతిని జార్జ్ బెలోస్ 1907–09 మధ్య పలుమార్లు చిత్రించాడు. జోసెఫ్ పెన్నెల్ 1912లో పనామా కాలువ పనులను లిథోగ్రాఫులుగా మలిచాడు. వారికి ఆ పనుల భారీతనమే అబ్బురం. ఆవర్‌బాక్‌కు కావలసింది మట్టి.

అతను పని జరిగే చోటికే వెళ్లి స్కెచ్‌లు గీసుకునేవాడు. వాటిని పెట్టుకుని స్టూడియోలో నెలల తరబడి రంగు మీద రంగు వేస్తూ పోయేవాడు. చేతిలో డబ్బు లేక చవకగా దొరికే గోధుమ, పసుపు మట్టి రంగులే ఎక్కువగా వాడాడు. ఆ లేమి చిత్రాలకు మేలే చేసింది. కుప్పపోసిన రంగు తవ్విపోసిన నేలలా గట్లు కట్టింది. అందులోంచి పరంజా కర్రలు, ఇనుప దూలాలు, నిచ్చెనలు నిట్టనిలువు గీతలై పైకి లేచాయి. యుద్ధానంతర లండన్ బరువును ఇంతగా చేతికి తగిలేలా చూపిన చిత్రాలు అరుదు. 1956లో బో ఆర్ట్స్ గ్యాలరీలో జరిగిన తొలి ప్రదర్శనలో మాత్రం ఆ మందం విమర్శకులను రెండుగా చీల్చింది.

ఎర్ల్స్ కోర్ట్ రోడ్డుతో 1952లో మొదలైన ఈ వరుసలో థేమ్స్ ఒడ్డున లేచిన షెల్ భవనం, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ చోటుచేసుకున్నాయి. లెస్టర్ స్క్వేర్‌లో ఎంపైర్ సినిమా హాలును తిరిగి కడుతున్నప్పటి చిత్రంతో 1962లో అది ముగిసింది. తరువాత అతను మార్నింగ్‌టన్ క్రెసెంట్ వీధులకూ ప్రిమ్‌రోజ్ హిల్‌కూ మళ్లాడు. కట్టుబడి చిత్రాలను 2009లో లండన్ కోర్టాల్డ్ గ్యాలరీ ఒకచోట చేర్చి ప్రదర్శించింది. ఆవర్‌బాక్ 2024 నవంబరులో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.