అంచుపట్టీల పద్దు

వస్త్రము మేనిని గప్పును. దాని యంచు హోదాను జాటును. అమెరికాలోని ఆంగ్లేయ వలసల చరిత్రమున నీ సంగతి స్పష్టముగా గానవచ్చును. అచ్చటి దుకాణములలో ఉప్పు, మేకులతో బాటు పట్టు రిబ్బనులు, లేసులు, నాడాలు గజముల లెక్కను విక్రయింపబడుచుండెను. వీనిలో పెక్కు సీమనుండి ఓడలపై వచ్చినవే. వర్జీనియా రైతు పొగాకును జమకట్టి, యిట్టి సరకులను అరువు గొనిపోవుచుండెను.

1651లో మసాచుసెట్స్ శాసనసభ, ఆస్తి 200 పౌనులకు మించనివారు బంగారు వెండి జరీపట్టీలను గాని, గజము 2 షిల్లింగులకు మించిన కండెల లేసును గాని ధరింపరాదనియు, ధరించినచో 10 షిల్లింగులు జుల్మానా యనియు శాసించెను. అధికారుల కుటుంబములకు మాత్రము మినహాయింపు! చట్టము పొదుపును బోధించినది. మినహాయింపు దాని మర్మమును బయటపెట్టినది.

స్వాతంత్ర్యానంతరము, ఆ రాష్ట్రమందలి ఇప్స్‌విచ్ పట్టణ స్త్రీలు 1789 ఆగస్టు మొదలు ఒక్క యేడాదిలో 41,979 గజముల లేసు నల్లిరి. ఆ నమూనాలు నేటికిని అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నవి. ఆ యంకెలో గజములు గలవు. అల్లిన చేతుల పేర్లు లేవు.

లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను గనుక విన్నవించుచున్నాను: మొత్తము సరిపోయినంతనే చరిత్ర సరిపోదు. పద్దున కెక్కని శ్రమకు జానెడు లేసుముక్కయే సాక్ష్యము. దానికి నీడనిచ్చినది గ్రంథాలయమే గదా!